మూడు చీటీలు

కువైట్ మొత్తంలో సారాకు లెక్క రాసే గది ఇదొక్కటే కాబోలు.
తాళంచెవి నా నడుముకు.
షువైఖ్‌లో, కాలేజీ వెనక బ్లాకు, కిటికీ లేని స్టోరు.
నెలకోసారి సీసాల్లో ఎంత ఆరిపోయిందో అంత పోసి
మిల్లీలీటర్లతో సహా రిజిస్టర్లో ఎక్కించాలి.
సంతకం తెలుగులోనే చేస్తా, ఓబుళమ్మ అని.

నాలుగో అరలో, పాముల పక్కన,
నా చిటికెనవేలంత జీవి.
రాయచోటి కళ్లతో చూసి నలికిరి అనుకున్నా.
"కాదు, కప్పకు దాయాది" అంది డాక్టర్ సుమయ్య.
"సాలమాండర్. దీనికి ఊపిరితిత్తుల్లేవు."
మరి?
"తోలుతో పీలుస్తుంది. తడారిందా, అంతే."
తలుపు సందులోంచి
యాభై డిగ్రీల గాలి ఇసుక తోస్తోంది.

ఎక్కడో మబ్బు దిగి కూర్చునే కొండ,
కొమ్మల మీది నాచులో దీని కాపురం.
నాలుక పుట్టగొడుగులా ఉంటుందని
లాటిన్‌లో అదే ఇంటిపేరు పెట్టారు.
ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక.
మన లెక్కే!

మొన్న కొత్త కాగితం వచ్చింది.
మూడు కొండల మీద ఒకటే జాతి అనుకున్నది
ఒకటి కాదట, మూడట.
దీని వంతుకు మిగిలింది ఒక్క గట్టు.
ఇరవైరెండు వందల మీటర్ల కిందికి దిగదు,
ఇరవైఆరు వందలు దాటి ఎక్కదు.
డాక్టరమ్మ మ్యాపులో చూపిన దేశాన్ని
నా గోరు కప్పేసింది.

నేనొచ్చింది ఇరవై నంబరు వీసా మీద,
హవల్లీలో ఒకరింట్లో అంట్లు తోమడానికి.
పద్ధెనిమిదికి మారేసరికి
రెండేళ్లు, ఏడువందల దినార్లు.
వేలిముద్రలు అవే,
బతాకాలో పని పేరు మాత్రం మారుతూ పోయింది.
ఒక ఏడాదంతా దర్జీని.
నాకు సూదిలో దారం ఎక్కదు.

పాత చీటీ తీసి పారెయ్యబోతే
సుమయ్య చెయ్యి పట్టుకుంది.
తప్పు పేరైనా తియ్యకూడదట.
ఎవరు, ఏ నాడు, ఏమనుకున్నారో
సీసాలోనే ఉండాలట దానితోపాటు.
కొత్తది ముందుకు జరిపాం.
మూడు చీటీల నడుమ అది,
నాలుగువేళ్ల చెయ్యి గాజుకు ఆనించి.

పన్నెండు మిల్లీలీటర్లు. ఓబుళమ్మ.

ఫర్వానియా బస్సులో ఏసీ చచ్చిపోయింది.
తడిపిన తువ్వాలు మెడ మీదేసుకుని
రెండు స్టాపుల దూరం
ముక్కు మూసుకుని, నోరు మూసుకుని
తోలుతో పీల్చి చూశాను.