పదిహేడో పేజీ

గవర్నర్‌పేటలో జిరాక్స్ షాపు పైన నా నోటరీ గది.
అద్దె ఒప్పందాలు, పేరు మార్పులు,
పోయిన మార్కుల లిస్టులకి అఫిడవిట్లు.
ముప్పై ఏళ్ళలో ఆకాశం గురించి ఒక్క కాగితమూ రాలేదు,
పఠాన్ ఖాజావలి గారు ఆ ప్లాస్టిక్ కవరు తెచ్చేదాకా.

ఆటోనగర్ మనిషి. లారీ బ్రేకుల మేస్త్రీ.
గోళ్ళ కింది గ్రీజు హజ్‌కి వెళ్ళొచ్చినా పోలేదంటారు.
ఎనికేపాడు స్థలం అమ్మి సీటు కొన్నారు.
పోవడం, రావడం కలిపి పదకొండు నిమిషాలు.
నడుమ ఓ నాలుగు నిమిషాలు ఒంటికి బరువుండదట.

"ఎంత ఎత్తమ్మా?"
వంద కిలోమీటర్లు, అన్నాను.
"అంటే తాడేపల్లిగూడెం," అన్నారు,
"నిలువుగా."

ఇరవై రెండు పేజీల ఇంగ్లీషు.
తెలుగు చేసి చదివాను:
ఈ వాహనం సురక్షితమని ఏ ప్రభుత్వమూ చెప్పలేదని నాకు తెలుసు.
గాయమైనా, అంగం పోయినా, ప్రాణమే పోయినా
కంపెనీని గానీ, ఇంజను చేసినవాణ్ణి గానీ,
చివరి మర బిగించినవాణ్ణి గానీ
నేను అడగను.

కింద జిరాక్స్ మిషను
వెలుగు మింగుతోంది, కక్కుతోంది.
"సైకిల్ స్టాండు బోర్డే కదమ్మా!
వస్తువులు పోతే మాకు బాధ్యత లేదు.
కాకపోతే, ఇక్కడ వస్తువు నేను."

పదిహేడో పేజీ దగ్గర చెయ్యెత్తి ఆపారు.
నా భార్య, నా బిడ్డలు, నా పేరు చెప్పుకునే ఎవరైనా సరే
కోర్టు మెట్లెక్కరు.
"నా నోరంటే నేను కుట్టుకుంటా.
బీబీజాన్ నోరు ఎట్లా కుట్టేది?
నలభై మూడేళ్ళుగా చూస్తున్నా, కుదర్లా."
నవ్వుకున్నాం.
ఆ నవ్వు అయిపోయాక
ఫ్యాను చప్పుడు వినిపించింది.

మారేడుమిల్లి ఘాటులో ఓసారి
ఆయన బ్రేకు వేసి పంపిన బండి లోయలోకి పోయిందట.
డ్రైవరు జోజప్ప.
కేసు లేదు, కాగితం లేదు, ఎవరూ అడగలేదు.
వారానికి తనే తాడు పట్టుకుని దిగి
డ్రమ్ము విప్పి చూశారు.
"లైనింగు బాగానే ఉంది. తప్పు నాది కాదు.
అయినా జోజప్ప కొడుక్కి పదో తరగతిదాకా ఫీజు కట్టాను.
ఎందుకు కట్టానో ఇప్పటికీ తెలీదు."

కాగితాలు మళ్ళీ మొదటినుంచి తిప్పారు, తడి వేలితో.
"ఇన్ని పేజీల్లో
బ్రేకు చూసినోడి పేరు ఎక్కడా లేదేంటమ్మా?"

మరి ఎందుకు వెళ్ళడం, అన్నాను.
కిటికీలోంచి ఏలూరు రోడ్డు వైపు చూశారు.
"మా తాత మొదటిసారి బస్సు కలిమా చదువుకుని ఎక్కాడంట.
ఇప్పుడు జనం నిద్రలో ఎక్కి నిద్రలో దిగుతున్నారు.
ముందు ఎవడో ఒకడు వణుక్కుంటూ ఎక్కాలి.
ఎవడో ఒకడు పడాలి కూడా.
ఘాటురోడ్డులో మలుపు మలుపుకీ గోడ ఉంటుందే,
ఏ గోడా ఊరికే లేవలేదు."
కాసేపాగి, కుర్రాడిలా:
"ఓ రోజు గన్నవరం అవతల ఎవడో అరుస్తాడు చూడండి,
పైకి పైకి పైకి, ఒక్క సీటు, ఒక్కటే సీటు!
నేనుండను గానీ
బండి కింద పడుకుని చూసేవాడు ఒకడుండాలి, ఆ రోజుకి."

సంతకం పెట్టారు, ప్రతి పేజీకీ.
పదిహేడో పేజీ అంచున మాత్రం
లావుపాటి తెలుగు అక్షరాల్లో రాశారు:
చూసినవారి పేరు
తర్వాత వరసగా చుక్కలు.
కంపెనీ ఒప్పుకోదండీ, అన్నాను.
"అడిగితే పోయిందేముంది."
ముద్ర వేశాను. సిరా కాస్త
ఆ చుక్కల్లోకి పాకింది.

ఫీజు రెండొందలంటే
స్థలం అమ్మిన మనిషి నూట యాభైకి బేరమాడారు.

దిగుతూ మెట్ల కమ్మీని రెండుసార్లు ఊపి చూశారు.
"ఇది ఊడొస్తుందమ్మా. ఓనరుకి చెప్పండి."

ముప్పై ఏళ్ళుగా దాన్ని పట్టుకునే ఎక్కుతున్నాను.
ఆ సాయంత్రం
గోడకి ఆనుకుని, ఒక్కో మెట్టే దిగాను.