గాలాడాలి

వెబ్‌సైట్ పెట్టానని ఏసుపాదం బాబాయికి చూపించాను,
పడవల మీద పేర్లు రాసే మనిషి.
తెర మీద గులాబీలు రాలుతున్నాయి, వెనక సన్నాయి,
బంగారు రంగులో నా పేరు గిర్రున తిరుగుతోంది.
నూట అరవై ఫోటోలు:
ఓణీల ఫంక్షన్లు, బారసాలలు, ఎవరిదో కొత్త ట్రాక్టరు.

రంగు చేతులు లుంగీకి తుడుచుకుని
ఫోను దూరంగా పట్టుకు చూశాడు.
"తీర్థంలో జీళ్ల కొట్టులా ఉందిరా.
అక్షరం చుట్టూ గాలాడాలి.
లేపోతే ఒడ్డునున్నోడికి పడవ పేరు కనపడదు."

ఆ రాత్రి అంబాజీపేటలో కరెంటు రెండుసార్లు పోయింది.
గులాబీలు తీసేశాను. సన్నాయి ఆపేశాను.
మొహాలకి నేను పూసిన తెలుపు కడిగేశాను.
చెరపడం ఇంత కష్టమని
కెమెరా కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదు,
ఒక్కో పెళ్లికూతురూ నావైపే చూస్తోంది.

పదకొండు మిగిలాయి.
పన్నెండోది డబ్బులు రానిది.
కొబ్బరి రాశి పక్కన, గునపానికి కాయ ఆనించి
చెమట తుడుచుకోబోయి నవ్వేసిన పల్లాలమ్మ.
అది ముందు పెట్టాను, చుట్టూ ఏమీ లేకుండా.

'నా గురించి' అన్నచోట
'అనుభవజ్ఞుడైన' కొట్టేసి
ఊరి పేరూ ఫోన్ నంబరూ ఉంచాను.

పొద్దున్న బాబాయి చాలాసేపు చూశాడు.
బాగుందనలేదు.
"ఎయ్యి కాయలొలిస్తే ఈవిడకెంతిస్తన్నారు?" అన్నాడు.