జిరాక్స్‌కి రాని చోటు

పోర్తోలో ముసురు పడితే
నా కొట్లో కాగితాలు ఉబ్బుతాయి.
మెట్ల కింద గది. ఒక యంత్రం, ఒక స్టూలు.
గోడకున్న నీలి పలకల్లో మూడు ఊడిపోయి
సున్నం కనపడుతుంటుంది.

శనివారం సంత ముగిశాక దెయోలిందా వస్తుంది,
కోటు లోపల బిస్కెట్ల డబ్బా దాచుకుని.
తల తడిసినా ఫరవాలేదు, డబ్బా తడవకూడదు.
అందులో ఎవరెవరివో ఫోటోలు.
సంతలో తూకానికి అమ్ముతారట, ఉల్లిపాయల్లాగా.
పెళ్లిళ్లు, సైనికులు, గాడిదమీద ఒక పాదిరీ,
సముద్రంలో మోకాళ్లదాకా దిగి
లంగాలెత్తి పట్టుకుని నవ్వే అక్కచెల్లెళ్లు.
వెనక్కి తిప్పితే వెలిసిన సిరా,
ఒక తేదీ, సగం పేరు.

పగలు ఆమె టైలరు దగ్గర కాజాలు కుడుతుంది.
రాత్రి వీళ్లకి కొత్త చుట్టరికాలు కలుపుతుంది.
పాదిరీ ఒళ్లో సార్డీన్ డబ్బా మీది చేప,
సైనికుడి నెత్తిన టోపీ బదులు ట్రాము టికెట్టు,
ఆకాశమంతా జాకెట్టు కొలతల పల్చటి కాగితం,
ఒక మేఘం మీద చుక్కల గీత:
ఇక్కడ మడవండి.
మైదా ఉడికించిన జిగురు.
ఒక షీటు, మధ్యలో ఒకే గాటు, ఎనిమిది పేజీలు,
పోస్టుకార్డంత పుస్తకం.
ముప్పైమంది కొంటే ఆమెకి పండగ.
దీంతో ఆ పిల్లకి ఏం మిగులుతుందని మా ఆవిడ అడిగింది.
కత్తిరింపులు, అన్నాను.

ఈసారి ఒకే ఫోటో తెచ్చింది.
కుర్చీలో ఒకామె, నల్ల బట్టలు, మూసిన విసనకర్ర.
పక్కన నిలబడ్డ మనిషి లేడు.
లేడంటే, భుజాలదాకా ఉన్నాడు.
ఆపైన బొటనవేలు దూరేంత రంధ్రం.
ఆమె భుజమ్మీద మాత్రం నాలుగు వేళ్లు మిగిలాయి.
"నాకంటే ముందే ఎవరో ఈ పని చేశారు, అబీలియో."
"కోపమొచ్చి కోసేసి ఉంటారు" అన్నాను.
అలాంటి ఆల్బములు నేనెరగనివా?

యంత్రంలో పెట్టాం. వెలుగు అటునుంచి ఇటు నడిచింది.
విసనకర్ర వచ్చింది. వేళ్లు వచ్చాయి.
రంధ్రం రాలేదు.
మూత మూసి తీస్తే తెల్లటి మచ్చ,
మూత తెరిచి తీస్తే నల్లటి మచ్చ.
ముప్పయ్యేళ్లుగా దస్తావేజులూ మరణ పత్రాలూ
తడుముకోకుండా తీసిన యంత్రం
దాని దగ్గర ఓడిపోయింది.

"నల్లదే ఉండనీ. చేత్తో కోద్దాం" అంది. "నలభై."
షట్టరు సగం దించాను.
ఆమెకి ఇరవై, నాకు ఇరవై.

మొదటిది చెవి దగ్గర తెగింది.
రెండోది మెడ దగ్గర.
కత్తెరని కదపకు, కాగితాన్నే తిప్పు, అని
నా మణికట్టు పట్టి చూపించింది.
పదకొండోది కోస్తూ ఆగాను.
అసలు ఫోటోని దీపం కిందికి జరిపాను.
మందం అట్ట. అయినా చెవితమ్మె చుట్టూ
ఎక్కడా తొట్రుపడకుండా తిరిగింది ఆ కత్తెర.
కాలరుని తాకలేదు.
జుట్టు రేగిన చోట పక్కకి వెళ్లి
మళ్లీ దారికొచ్చింది.
కోపానికి ఇంత ఓపికా?
కోపమైతే చింపేది. గోటితో గీకేది.
ఇది పారేయడానికి కోసింది కాదు,
పట్టుకెళ్లడానికి కోసింది.
ఏ లాకెట్టులోకో, ఓడెక్కేవాళ్ల ఏ చొక్కా జేబులోకో.
చెప్పాను. దెయోలిందా ఏమీ అనలేదు.
ముక్కు తుడుచుకుంది. జలుబే అయ్యుండొచ్చు.

రంధ్రం వెనక పేజీలో
ఒక్కో ప్రతికి ఒక్కోటి అతికించింది.
చేప కన్ను. గడియారం ముఖం.
టికెట్టు మీది ఏడు అంకె. నిజంగా కుట్టిన ఒక కాజా.
ఒకదాంట్లో ఏమీ పెట్టలేదు, అది తనకి.

ఆమె వెళ్లాక ఊడ్చాను.
నేలమీద నలభై నల్లటి తలలు.
ముప్పైతొమ్మిది చేటలోకి ఎత్తాను.
ఒకటి గల్లాపెట్టెలో ఉంది,
చిల్లర వెతికినప్పుడల్లా వేళ్లకి తగులుతుంది.
మొదటిది,
చెవి దగ్గర నేను పాడుచేసింది.