పన్నెండు వోల్టులు

కాళ్ళకూరు దాటాక ఎడంచేతి గట్టు,
మూడో చెరువు, కాపలా పాక.
లోపల నులక మంచం, మేత బస్తాలు,
యోనా మోసుకొచ్చిన పద్నాలుగంగుళాల టీవీ,
దాని కింద బూడిద రంగు ప్లేస్టేషను.
మూత విరిగింది. సీడీ తిరగాలంటే
పైన అరకిలో తూనికరాయి పెట్టాలి.

సీడీ మీద స్కెచ్ పెన్నుతో "కార్లు" అని ఉంది.
భీమవరం బస్టాండు వెనక కొట్లో నలభై రూపాయలు.
పెట్టి చూస్తే అన్నీ జపాను అక్షరాలు,
తడి బురద మీద పీతపిల్లలు నడిచినట్టు.

ఉత్త పందేలనుకున్నాం. కాదు.
కార్లు ఆగుతాయి. మనుషులు దిగి మాట్లాడతారు.
రేవు పట్నం, అర్ధరాత్రి, తడి రోడ్డు మీద దీపాలు.
ఒకడేదో అడుగుతాడు, ఇంకొకడు తల దించుకుంటాడు,
అప్పుడు గాని పందెం మొదలవదు.
ఏమంటున్నాడ్రా, అంటే
యోనా చదివేసేవాడు, చదవడం వచ్చినట్టే:
"మీ అన్న బాకీ నువ్వు తీరుస్తావా, నీ ఇంజను తీరుస్తుందా?"
"ఆయ్, నా బండి జోలికి రాకండి, మర్యాదగా చెబుతున్నానండి."
తెల్లకారు వాడికి మా పెద్దిరాజుగారి గొంతు పెట్టాడు.
ఎర్రకారు పిల్లకి ఎవరి గొంతు పెట్టాడో
నేనడగలేదు.

ఒక్క సంగతి మాత్రం అక్షరం రాకుండానే అర్థమైంది:
ఓడినవాడి బండిలోంచి
గెలిచినవాడు ఒక ముక్క పీక్కుంటాడు.
ఇంజనో, టైర్లో, వెనక రెక్కో.
అలా పీక్కుని పీక్కుని మా డొక్కు కారు
ఎంతమంది ఒంటితో నడుస్తోందో లెక్క తప్పింది.

మెమరీ కార్డు లేదు.
ఆపితే మళ్ళీ మొదటి రాత్రికే పోవాలి.
అందుకని ఆపలేదు. నాలుగు రోజులు
టీవీ మీద తువ్వాలు కప్పి
మేత జల్లాం, చెక్ ట్రేలు లేపి చూశాం,
రాజుగారొస్తే రేడియో పెట్టాం.
కరెంటు పోయినా పాకలో లారీ బ్యాటరీ, ఇన్వర్టరూ ఉన్నాయి.
ఆ వెచ్చదనానికి పిల్లి కూడా అక్కడే ఈనింది.

ఐదో రాత్రి ఆఖరి వంతెన మీద
ఆఖరివాడు ఎదురొచ్చాడు.
చాలాసేపు మాట్లాడాడు.
యోనా చదవలేదు.
"ఇదేంటో నాకంతు పట్టట్లేదు" అన్నాడు.

అప్పుడు పోయింది కరెంటు.
టీవీ వెలుగుతూనే ఉంది.
బయట ఏరేటర్లు ఒక్కొక్కటే నీళ్ళు కొట్టడం మానేశాయి,
ఆ నిశ్శబ్దానికి పిల్లి తలెత్తింది.

మబ్బు పట్టిన రాత్రి. ఆకు కదల్లేదు.
జనరేటరు తాళం తిప్పితే ముక్కింది, అంతే.
దాని బ్యాటరీ చచ్చి వారమైంది,
చెప్పాల్సినవాణ్ణి నేనే.
టార్చి వేసి చూస్తే
గట్టువార రొయ్యలు, ఊపిరందక పైకొచ్చి,
వేల కళ్ళు ఎర్రగా,
ముందు పోయే కార్ల వెనక దీపాల్లా.

ఇద్దరం పాక వైపు చూశాం.
ఊళ్ళో పన్నెండు వోల్టులు ఇంకెవరి దగ్గరున్నాయా అని
ఒక నిమిషం ఆలోచించాను. నిజంగా ఆలోచించాను.
యోనా ఆలోచించలేదు. లోపలికెళ్ళి
క్లిప్పులు రెండూ పీకేశాడు.
వంతెన, వాడి మాటలు, మేం పోగేసుకున్న ముక్కలన్నీ
తెల్లటి చుక్కగా ముడుచుకుని ఆరిపోయాయి.
బ్యాటరీ భుజానేసుకుని గట్టు వెంట పరిగెత్తాడు,
ఆసిడ్ కారి చొక్కా చిల్లులు పడింది.

ఆ రాత్రి రొయ్యలు బతికాయి.
మూడు వారాలకి తెల్లమచ్చ వచ్చి అన్నీ పోయాయి.
రాజుగారు చెరువు ఎండగట్టి, జీతం బదులు
టీవీ తీసుకెళ్ళారు. అది యోనాదని చెప్పినా.

ఇప్పుడు నేను ఐసు వ్యాను తోలుతున్నాను.
మొన్న రాత్రి రెండింటికి ఉండి లాకుల దగ్గర
టీ కొట్టు ముందు యోనా కనిపించాడు.
పొట్ట వచ్చింది, నవ్వు అదే.
"ఆ ఆఖరివాడి మాట
నేనప్పుడే చదివాన్రా" అన్నాడు.
"ఏమన్నాడు?"
గ్లాసు కింద పెట్టి, నా బండి చుట్టూ ఓసారి తిరిగి,
"ఎడం పక్క ముందు టైరులో
గాలి తక్కువుంది, చూసుకో" అన్నాడు.