ఓట్స్ జావ మీద ఆర్నెల్లు

సులైబియా ల్యాబులో నా పని
బూజుకు లెక్క రాయడం.

జలీబ్ గదుల ఏసీ గొట్టాల్లోంచి గీకి తెచ్చినా.
పన్నెండు మంచాల గది, ఇరవై మంచాల గది,
కువైట్ రాకముందు నుంచీ దగ్గుతున్న
కమ్మరి సుబ్బరాయుడి గది.
డిష్ మూతల మీద పేర్లు తెలుగులో రాసినా.
డాక్టర్ బద్రియా అవి చూసి
మీ అక్షరాలూ బూజు లాగే గుండ్రంగా ఉన్నాయంది.

జెల్‌లో గీత పైన ఆగితే ఒక రకం,
కిందికి జారితే ఇంకో రకం.
మగ కాదు, ఆడ కాదు.
పేరు పెట్టే ఓపిక లేక
ఒకటి, రెండు అన్నారు, అంతే.
ఒకటి ఇంకో ఒకటితో జత కట్టదు.

జలీబ్ గీతలన్నీ పైనే ఆగినాయి.
నలభై ఒక్క గది, నలభై ఒక్క ఒకటి.
డాక్టరమ్మ నవ్వింది.
అందులో ఒక మంచం నాదని ఆమెకు తెలీదు.

రెండు దొరికింది సల్వాలో,
వంటింటి వెనక, ఇస్త్రీ బల్ల పక్కన
మనిషి పడుకునేంత జాగాలో.
దూది పుల్లతో తుడిచి, కవర్లో చుట్టి
శుక్రవారం బస్టాపు నీడలో నా చేతిలో పెట్టింది
ఓబులమ్మ, నా పెండ్లాం.
"అందరి మొగుళ్ళూ బిర్యానీ తెమ్మంటారు,
నువ్వు బూజు తెమ్మంటివి."
మాకు దొరికేది వారానికి రెండు గంటలు.
అందులో అరగంట బస్సుకే పోతుంది.

నూరేండ్లకు పైగా
దీనికి జతే లేదనుకున్నారంట.
తన నకలు తానే రాసుకుంటా
బూడిద మాదిరి గాల్లో తిరిగేది.
లోపల జీను మాత్రం చెడలేదు.
వాడినా వాడకున్నా
అకామా లాగా తరం తరం
రెన్యువల్ అయితానే వచ్చింది.

కలపడానికి పెద్ద హంగేం అక్కర్లేదు.
గడ్డ కట్టిన ఓట్స్ జావ,
అడ్డంగా ఒకటి, నిలువుగా రెండు,
అంచు చుట్టూ మైనం పట్టీ,
ముప్పై డిగ్రీలు, చీకటి.
ఆర్నెల్లు ఎవరూ కదిలించకూడదు.

ఎవరూ తలుపు తట్టని ఆర్నెల్ల చీకటి
నేనూ అద్దెకు అడిగి చూసినా.
ఒక్క గది నూట అరవై దినార్లు.
నా జీతం నూట ముప్పై.

రిపోర్టులో డాక్టరమ్మ ఒక్క మాటే రాసింది:
సామర్థ్యం ఉంది.
జరిగిందని కాదు, జరుగుతుందనీ కాదు.
ఆ మాటను జెరాక్స్ తీసి
పర్సులో పెట్టుకున్నా, ఎందుకో.

నూట పదమూడో రోజు.
బయట దుమ్ము లేచి ఎండ తుప్పు రంగుకు తిరిగింది.
డిష్‌ను తెరవలా, ఒక్కసారి ఎత్తి అడుగు చూసినా.
రెండు గీతలు తగిలిన చోట
ఆవగింజలో నూరో వంతు, పసుపుగా
ఏదో ఉందో,
నా కండ్ల మసకో.

రాత్రి ఓబులమ్మ ఫోన్ చేసింది.
మేడమ్ మనుషుల్ని పెట్టి
ఏసీలన్నీ కడిగించిందంట.
"నీ బూజు మొత్తం పోయింది" అనింది, బాధగా.
పోనీలే, అన్నా.
మన దగ్గర కొంచెం ఉంది.