తోకబండి

పది బండ్లు. నాది పదోది.
ముందటోళ్లు దారి చూస్తరు,
నేను దుమ్ము చూస్త.

చందంపేట దాటినంక తారు ఒడిసింది.
ఫసీ భాయ్ చెయ్యి ఊపంగనే అందరు దిగి
టైర్లల్ల గాలి సగం తీసిండ్రు.
పది బండ్లు ఒక్కసారే బుస్సుమంటె
పొదలకెల్లి కంజుపిట్టలు లేచినయి.
"అందరు ఫోర్‌వీల్ ఏసుకోండ్రి" అన్నడు వాకీటాకీల.
ఏసిన. నా పాత మహీంద్ర
ఒకపారి దగ్గి, ఒప్పుకున్నది.

తోకబండికి రెండే పనులు.
లెక్కవెట్టుడు, ఊడినయి ఏరుడు.
ఇయ్యాల ఇప్పటిదాంక
ఒక మడ్‌ఫ్లాపు,
సృజన్ సారు బండి నంబరుప్లేటు,
ఎవరి పిల్లదో ఎడమకాలి చెప్పు.
సగం తిన్న సీతాఫలం గూడ దొరికింది గని
అది చీమలకిడిసిన.

తంగెడుపువ్వు మీద ఎర్రదుమ్ము.
బలుసుముండ్లు పక్కలు గీకుతుంటె
ముప్పై లక్షల బండి అబ్బా అంటది.
నాది అనది, దానికి రంగేడిది?

గుట్ట మెడకాడ గుండ్లదారి మొదలైంది.
ఒక్కో చక్రం ఒక్కో రాయెక్కి దుంకుతుంటె
వాకీటాకీ నిండ నవ్వులు,
"మస్తుంది", "ఇంకొక్కపారి", "వీడియో తీసినవా?"
తల టాపుకు తాకినోడు సుత నవ్వుతుండు.
ఎగిరెగిరి పడుడుకే గదా
నూటముప్పై కిలోమీటర్లు వచ్చింది.

నాకు ఈ గుండ్లు పేరుపేరున ఎరుకే.
ఆరేండ్లు నూటెనిమిది తోలిన ఈడ.
గప్పుడు దీన్ని ట్రాకని ఎవ్వరనలే,
పిట్టలబండ తండ దారి అనేది.

శ్రావణంల ఒక అర్ధరాత్రి,
మంగ్తి ఎనక పండుకోనున్నది,
స్వరూప సిస్టరు ఆమె మోకాళ్లకాడ.
హర్యా బ్యాటరీలైటు వట్టుకోని
బండి ముందట నడుస్తుండు.
ఆయన ఎంత నడిస్తె నేనంత తోలిన.
ఒక్కో రాయికాడ ఆగి
పసిగుడ్డును తొట్టెలల ఏసినట్టు
చక్రాన్ని దించిన.
బ్రేకు మీద కాలు వణుకుతుంటె
మోకాలు చేత్తోని అదిమిపట్టిన.
"ఎగరెయ్యకన్నా" అన్నది సిస్టరు.
ఒక్కపారే అన్నది.

గొడ్డలిగుండుకాడ
ఎంత మెల్లగ దించినా దబ్బున దిగింది.
ఎనక ఒక కేక.
తర్వాత ఏం లేదు.
ఆ ఏం లేనితనంల
వైపర్ల సప్పుడు ఒక్కటే.
తర్వాత ఇంకో కేక,
చిన్నది, కొత్తది.

"టైము చూడన్నా, రాయాలె" అన్నది.
రెండు నలభై.
పుట్టిన జాగ అన్నకాడ ఏం రాసిందో
నేను అడగలే.

ఇప్పుడు తొమ్మిదో బండి గా గుండు మీద ఊగుతున్నది.
మైథిలి డాక్టరమ్మ తోలుతున్నది,
పిల్లలు కిటికీలకెల్లి కేకలు వెడుతుండ్రు.
వాళ్ల తప్పేముంది?
నేను సుత చందా గట్టి వచ్చినోన్నే.
ఎగురుడంటె నాకు గూడ ఇష్టమే,
ఎనక ఎవ్వరు పండుకోని లేనప్పుడు.

నా వంతొచ్చింది.
ఎనక సీటుల తాళ్లు, పార, ఏరిన సామాన్లు.
అయినా కాలు బ్రేకు మీదికే వొయ్యింది.
చెయ్యి మోకాలి మీదికి.

"తోకబండీ, ఏమైంది? ఇరుక్కున్నవా?"
"లేదు భాయ్, దిగుతున్న."
"గంతసేపా?"
నేను మాట్లాడలే.

కింద కృష్ణ నీళ్ల ఒడ్డుకు
బిర్యానీ డబ్బాలు తెరిచిండ్రు.
ఒక పిల్ల ఒంటికాలు మీద కుంటుకుంట వచ్చి
"అంకుల్, నా చెప్పు?" అన్నది.
పట్టీ తెగింది.
పిన్నీసు గుచ్చి ఇచ్చిన.
తొడుక్కొని, తొడుక్కున్నట్టే
నీళ్లల్లకు ఉరికింది.