పదో గడి

ఇరవై రెండేళ్ళుగా నా పని ఇదే:
చదువు అయిపోయిందని పిల్లలు అనుకున్నాక
ఇంకా అవలేదని చెప్పడం.

రిజిస్ట్రార్ ఆఫీసు, రెండో అంతస్తు, మూడో కిటికీ.
అద్దం అవతల సుపీరియర్ సరస్సు,
ఏప్రిల్ వచ్చినా మంచు వదలని రేవు,
ఇనుప ఖనిజం కోసం నోరు తెరుచుకుని నిలబడ్డ ఓడ.
ఇవతల నేను, నా ఎర్ర పెన్సిలు,
పోసుకుని మర్చిపోయిన కాఫీ.

ఐలీ కోస్కెలా ఆ పొద్దున వచ్చింది.
ఒక భుజాన ట్రోంబోన్ పెట్టె,
ఇంకో భుజాన రాళ్ళ సంచి.
కావడి మోసేవాళ్ళలా
ఎటూ ఒరగకుండా నడిచింది.
"భూగర్భశాస్త్రం ఒకటి, సంగీతం ఒకటి.
రెండు డిగ్రీలండీ" అంది,
ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దని
లోకమంతా చెబుతుంది.
మా రేవులో పెరిగినవాళ్ళు అలా అనరు.
తాడు గట్టిదేనా అని అడుగుతారు, అంతే.

తాడంటే ఈ కాగితం.
జనరల్ ఎడ్యుకేషన్, నలభై క్రెడిట్లు, పది గడులు.
ఒకసారి నింపితే రెండు డిగ్రీలకీ చెల్లుతుంది
(ఈ మాటకి ఆ పిల్ల భుజాలు ఒక అంగుళం దిగాయి).
ఖనిజాల కోర్సు సైన్సు గడిలోకి పోయింది,
సంగీత చరిత్ర కళల గడిలోకి.
ఒకే కోర్సు రెండు చోట్ల లెక్కకొస్తుంది, మూడు చోట్ల రాదు.
ఎందుకని నన్నడక్కండి.
ఆ నియమం రాసినాయన రిటైరై
మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టుకుంటున్నాడు.

తొమ్మిది నిండాయి.
పదోది, మరో భాష. ఖాళీ.

"తెల్లారకుండా ల్యాబు, రాత్రి పదకొండు దాకా రిహార్సలు.
పెదవి పగిలితే రాళ్ళ దగ్గరికి పోతాను,
వేళ్ళు కొంకర్లు పోతే బూర దగ్గరికి.
ఈ మధ్యన క్రియారూపాలు
ఎక్కడ పెట్టుకోమంటారు?"

నా దగ్గర జవాబు లేదు.
ఒకప్పుడు ఈ కిటికీకి అటువైపు నిలబడ్డదాన్నే.
గణితం గడి ఒక్కటి నింపలేక చదువు వదిలేస్తే
ఇక్కడే ఉద్యోగం ఇచ్చారు.
ఎవరికీ చెప్పను. ఐలీకీ చెప్పలేదు.

టైంటేబుల్ తిరగేశాను.
స్పానిష్ నిండిపోయింది. జర్మన్‌కీ రిహార్సలుకీ చుక్కెదురు.
మిగిలింది మంగళ, గురువారాలు, పొద్దున ఎనిమిదింటికి
ఓజిబ్వే, మొదటి భాగం, లఫ్రెనియర్ గారి క్లాసు.
"ఇదొక్కటే ఖాళీ" అన్నాను.
ఈ సరస్సుకి మొదట పేరు పెట్టిన భాష గురించి
అనాల్సిన మాటేనా అది.

అక్టోబరులో మళ్ళీ వచ్చింది, పనేమీ లేకుండా.
పనిలేకుండా మా కిటికీకి ఎవరూ రారు.
బల్ల మీద గుప్పెడంత నల్ల రాయి ఉంచి
"అసిన్" అంది.
"వాళ్ళ వ్యాకరణంలో దీనికి ప్రాణముందండీ!
ఈ బల్లకి లేదు, రాయికి ఉంది.
మూడేళ్ళు సుత్తి పెట్టి కొట్టాను,
ఒక్కరూ చెప్పలేదు."

శిలల ప్రొఫెసరు నవ్వి ఊరుకున్నాడట.
బ్యాండు మాస్టారు విననే లేదట.
లఫ్రెనియర్ గారు మాత్రం
"వ్యాకరణాన్ని మతం చెయ్యకమ్మా,
ముందు బహువచనం నేర్చుకో" అన్నారట.
"అసినీగ్" అంది ఐలీ, నాకు అప్పజెబుతున్నట్టు.

చివరికి వచ్చింది బి మైనస్.
పదో గడిలో టిక్కు పెట్టాను.
పెన్సిలు ముక్కు విరిగింది, అంతకు మించి
చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

మే నెలలో రెండు పట్టాలూ తీసుకుని వెళ్ళిపోయింది.
గణితానికి సాయంత్రం క్లాసులున్నాయని నాకు తెలుసు,
ఆ టైంటేబుల్ అచ్చు వేయించేది నేనే.

రాయి నా దగ్గరే ఉండిపోయింది.
సరస్సు గాలికి కాగితాలు ఎగరకుండా
వాటి మీద పెట్టాననాలో,
కూర్చోబెట్టాననాలో
ఇంకా తేలలేదు.